ఒక్క పాటా తెలియకుండా డెడ్ అండ్ కంపెనీ కచేరీకి వెళ్తున్నాను, ఏం వినాలో చెప్పండి

తాళంచెవి
2023 జూన్ 24

అందరికీ నమస్కారం. జూలై 15 శనివారం శాన్‌ఫ్రాన్సిస్కో ఒరాకిల్ పార్కులో డెడ్ అండ్ కంపెనీ అనే రాక్ బ్యాండు కచేరీకి నా చేతిలో రెండు టికెట్లు ఉన్నాయి. నేను కొన్నవి కావు. మా ఆఫీసులో ఈ నెలాఖరుకు రిటైరవుతున్న పెద్దాయన మూడు రాత్రులకూ కొనుక్కున్నారు. ఆయన భార్యకు మోకాలి ఆపరేషన్ అయింది, మూడు రోజులు వరసగా కూర్చోలేరట. "మీరు మీటింగుల్లో బల్ల కింద వేళ్లతో ఏదో లెక్కపెడుతూ ఉంటారు, పదేళ్లుగా చూస్తున్నాను. మీకు నచ్చుతుంది" అని కవరు చేతిలో పెట్టి వెళ్లిపోయారు. ఆ లెక్క ఆయన కంటపడిందని నాకు ఇప్పటిదాకా తెలియదు.

అది ఆది తాళం. మా నాన్నగారిది బెజవాడ. పగలు పోస్టాఫీసు ఉద్యోగం, సాయంత్రం మృదంగం. కచేరీలు చేసేంత స్థాయి కాదు గానీ, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో ఏ కచేరీ జరిగినా నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవారు. జేబులో చిన్న పుస్తకం ఉండేది. కీర్తన, రాగం, తాళం, తని (మృదంగం ఒంటరిగా మోగే ఘట్టం) ఎంతసేపు సాగింది, అన్నీ పెన్సిలుతో రాసుకునేవారు. ఆయన పోయాక ఆ పుస్తకాలు పదకొండు నా దగ్గరికి వచ్చాయి. తాళం వేయకుండా పాట వినడం నాకు చేతకాదు.

ఈ బ్యాండు సంగతి మాత్రం సున్నా. మొన్న ఒక పాత రికార్డింగు కారులో పెట్టాను. సన్నీవేల్‌లో ఇంటి దగ్గర మొదలైన పాట ఆఫీసు పార్కింగులోకి వచ్చినా అవలేదు. సాయంత్రం మళ్లీ వింటే తెలిసింది, దారిలో ఎక్కడో ఆ పాట అయిపోయి ఇంకో పాట మొదలైందట. ఎక్కడ మారిందో నేను పట్టుకోలేకపోయాను. నిజం చెప్పాలంటే కొంచెం అవమానంగా అనిపించింది.

అడగవలసినవి చాలా ఉన్నాయి. స్టేడియంలో నాలుగు గంటలు కూర్చుని ఏం వినాలి? ముందుగా నేర్చుకోవలసిన పాటలు ఉన్నాయా? రెండో టికెట్టు మీద మా అబ్బాయిని, పదిహేనేళ్లవాణ్ని, తీసుకువెళ్లాలని ఉంది. గంజాయి పొగ గురించి అందరూ భయపెడుతున్నారు. ఇంకో సందేహం, ఇది కాస్త సిగ్గుగానే అడుగుతున్నాను: తాళం వేస్తూ కూర్చుంటే అక్కడివాళ్లు వింతగా చూస్తారా?

ఫోల్డింగ్ కుర్చీ
2023 జూన్ 24

పాటల సంగతి నాకు తెలియదు, ఆ స్టేడియం తెలుసు. బేస్‌బాల్ ఆటలకు ఏడాదికి పదిసార్లయినా వెళ్తాను.

కారు తీసుకువెళ్లకండి. సన్నీవేల్ నుంచి కాల్‌ట్రెయిన్ ఎక్కితే చివరి స్టేషనులో దిగి నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు, అంత దగ్గర. తిరుగు రైలు ఎన్ని గంటలకో ముందే చూసి పెట్టుకోండి, జనం ఒక్కసారిగా మీద పడతారు. జూలై కదా అని నూలు బట్టలతో వెళ్తే వణుకుతారు. స్టేడియం సరిగ్గా అఖాతం ఒడ్డున ఉంది, పొద్దు వాలగానే గాలి మొదలవుతుంది. మా అత్తగారిని ఆగస్టులో ఒక ఆటకు తీసుకువెళ్లి, ఆరో ఇన్నింగ్స్‌లో దుకాణంలో దుప్పటి కొని కప్పవలసి వచ్చింది. ఆ దుప్పటి ధర ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు.

సంచి ఎంత పెద్దది తేనిస్తారో టికెట్టుతో వచ్చిన నియమాల్లో ఉంటుంది, చదువుకోండి. వెల్లుల్లి వేసిన ఆలూ వేపుళ్లు తినకుండా రాకండి.

పాతక్యాసెట్టు
2023 జూన్ 25

నేను చెప్పేది కొందరికి రుచించదు. ఇది అసలు బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ కాదు, దాని పాటలు వాయించే తర్వాతి బృందం. ఆ బ్యాండులో గిటారు వాయిస్తూ పాడిన జెర్రీ గార్సియా 1995లో పోయాడు. పాతవాళ్లలో ఇప్పుడు వేదిక మీద ఉండేది ఇద్దరే, గిటారు బాబ్ వియర్, డప్పుల మిక్కీ హార్ట్. ఇంకో డప్పులాయన బిల్ క్రూట్జ్‌మన్ ఈ యాత్రకు రాలేదు, ఆయన చోట జే లేన్ వాయిస్తున్నాడు. బేస్ గిటారు ఫిల్ లెష్ మొదటినుంచీ ఈ బృందంలో లేడు. గార్సియా స్థానంలో నిలబడే జాన్ మేయర్, ఆ బ్యాండు మొదలైన పన్నెండేళ్లకు పుట్టినవాడు. పైగా వీళ్లు పాటను ఎంత విలంబంగా నడుపుతారంటే, పాత అభిమానులే 'డెడ్ అండ్ స్లో' అని ఎగతాళి చేస్తారు. మీకు అది మేలే కావచ్చు, తాళం తప్పదు.

రెండోది, స్టేడియం సంగీతం వినడానికి కట్టినది కాదు. మాది హైదరాబాదులో పెళ్లిళ్లకూ సభలకూ మైకు సెట్లు అద్దెకిచ్చిన ఇల్లు, నేను ఇక్కడా అదే పని చేస్తున్నాను, అందుకని ఈ ఒక్క ముక్క వివరంగా చెప్తాను. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మీరు వేదికకు 120 మీటర్ల దూరంలో కూర్చుంటే, డప్పు మీద కర్ర పడిన మూడో వంతు సెకను తర్వాత దెబ్బ మీ చెవికి చేరుతుంది. పెద్ద తెర మీద బొమ్మకు ఆ ఆలస్యం లేదు. అంటే కంటికి ఒక తాళం, చెవికి ఒక తాళం. దూరంగా నిలబెట్టిన స్పీకర్ల స్తంభాలకు కావాలనే ఆలస్యం పెడతారు, లేకపోతే ఒకే దెబ్బ రెండుసార్లు వినిపిస్తుంది. నలభై వేలమంది చప్పట్లు కొడితే ఇంకా దారుణం. అవతలి గట్టువాళ్ల చప్పట్లు మీకు చేరేసరికి మీ చేతులు మళ్లీ విడిపోయి ఉంటాయి.

ఈ బాధ ఆ బ్యాండుకే అందరికంటే ముందు తెలుసు. 1974లో 'వాల్ ఆఫ్ సౌండ్' అని వాద్యకారుల వెనక సుమారు ఆరు వందల స్పీకర్లను గోడలా పేర్చారు. ఒక్కొక్క వాద్యానికి దాని స్పీకర్లు దానివే. జనం వినేదే వాళ్లూ వినేవారు. స్పీకర్లు వెనకే ఉంటే మైకు కూత పెట్టాలి కదా? అందుకని గాయకుడి ముందు రెండు మైకులు కలిపి కట్టి, ఒకదాన్ని ఇంకొకదానికి వ్యతిరేక దశలో పెట్టారు. ఒకదాంట్లోనే పాడతాడు కాబట్టి గొంతు నిలుస్తుంది, రెండింటిలోనూ సమానంగా పడే వెనకటి మోత కొట్టుకుపోతుంది. నా మట్టుకు ఆ పాటలన్నిటికంటే గొప్ప రచన అదే. మోయలేక అదే ఏడాది మానుకున్నారు.

కాబట్టి వెళ్లండి, కానీ తెర చూసి తాళం వేయకండి. కళ్లు మూసుకోండి. నేనైతే ఇంట్లో కూర్చుని పాత రికార్డింగులు వింటాను.

లేక్‌షోర్ బాబాయి
2023 జూన్ 27

అమ్మా, ఈ బ్యాండు గురించి మాట్లాడడానికి నాకున్న అర్హత ఒక్కటే. 1995 జూలై 9న చికాగో సోల్జర్ ఫీల్డులో గ్రేట్‌ఫుల్ డెడ్ చిట్టచివరి కచేరీకి వెళ్లి, అది పూర్తి కాకముందే లేచి వచ్చేసినవాణ్ని.

అప్పటికి నేను అమెరికా వచ్చి ఏడాది కాలేదు. వరంగల్లులో ఇంజనీరింగు చదివి ఎం.ఎస్.కు వచ్చాను. నా గదిలో ఉండే విస్కాన్సిన్ కుర్రవాడు అసలు సిసలు డెడ్‌హెడ్, అంటే ఈ బ్యాండు వీరాభిమాని. గది గోడకు ఒక అలమారా, అందులో పుస్తకాలు లేవు, తొంభై నిమిషాల క్యాసెట్లు, ఒక్కొక్కదాని వీపు మీద ఒక తేదీ, ఒక ఊరు. ఖాళీ క్యాసెట్లు, తిరుగు తపాలా బిళ్లలు పంపితే ఊరూ పేరూ తెలియనివాళ్లు కూడా కచేరీ రికార్డు చేసి పంపేవారు. డబ్బు తీసుకోవడం మాత్రం మహాపాపం. బ్యాండు వాళ్లే 1984 నుంచి రికార్డు చేసుకునేవాళ్లకు ప్రత్యేకంగా చోటు కేటాయించారు. ఆరోజు నేను చూశాను, ధ్వనిని అదుపుచేసే బల్ల వెనక మైకుల స్తంభాలు, గాలికి ఊగకుండా తాళ్లు కట్టి, జొన్నచేను నిలబడినట్టు నిలబడి ఉన్నాయి.

బయట పార్కింగు మైదానం సంగతి చెప్పాలంటే మేడారం వెళ్లినవాళ్లకు ఎక్కువ చెప్పనక్కరలేదు. పాత వ్యానులు, వాటి పక్కన పొయ్యిలు, రొట్టె మధ్య చీజు పెట్టి కాల్చి అమ్మే పిల్లలు, రంగులు అద్దిన చొక్కాలు, ఎవరో ఎవరి పిల్లకో జడ వేస్తూ ఉంటారు. ఒక వేలు పైకెత్తి మౌనంగా నడిచేవాళ్లు కనిపించారు. వాళ్లకు టికెట్టు లేదు, ఎవరైనా ఊరికే ఇస్తారేమోనని ఆ వేలు. ఇచ్చేవాళ్లు ఉన్నారు కూడా.

కచేరీ నాకు అర్థం కాలేదు. ముందుగా 'ది బ్యాండ్' అనే ఇంకో బృందం వాయించారు, తర్వాత వీళ్లు. గార్సియాకు 52 ఏళ్లు, చూడడానికి 75 ఏళ్ల మనిషి. తెల్లటి గడ్డం, వంగిన తల, చరణాల్లో మాటలు మరిచిపోతున్నాడు. నా పక్కవాడు తలపట్టుకుని కూర్చున్నాడు. కానీ రెండో భాగంలో ఒక నెమ్మది పాట చివర ఒకే పంక్తిని పట్టుకున్నాడు. ఒకసారి మెల్లగా, ఒకసారి అరిచి, ఒకసారి మధ్యలో మింగేసి, మళ్లీ మళ్లీ అదే. మా అమ్మ రేడియోలో నెరవల్ వింటూ బియ్యం ఏరడం మానేసే క్షణం ఒకటి ఉండేది, అది జ్ఞాపకం వచ్చింది. అంతే. మిగతాదంతా నాకు చప్పుడే.

మర్నాడు సోమవారం. తెల్లవారుజామున ఐదింటికి పెట్రోలు బంకులో డ్యూటీ. రెండో భాగం ముగుస్తుండగా నేను లేచాను. "ఇంకా ఉంది" అన్నాడు వాడు. "రైలు ఉంది" అన్నాను నేను. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా సరస్సు వైపు నుంచి పెద్ద పెద్ద శబ్దాలు వినిపించాయి. బాణసంచా. జూలై నాలుగున మిగిలిపోయినవి కాలుస్తున్నారు కాబోలు అనుకున్నాను. ఆ వారమే చికాగోలో వడగాడ్పులు వచ్చి ఏడువందలమందికి పైగా చనిపోయారు, ఆ గొడవలో కచేరీ ఊసే మరిచిపోయాను.

సరిగ్గా నెలకు, ఆగస్టు 9న, బంకులో రేడియో చెప్పింది, గార్సియా పోయాడని. కౌంటరు దగ్గర కాఫీ పోసుకుంటున్న ఒక ట్రక్కు డ్రైవరు కప్పు అక్కడే వదిలేసి బయటికి వెళ్లి తన బండి మెట్టు మీద కూర్చున్నాడు. డబ్బు ఇవ్వలేదు. నేను అడగలేదు.

తర్వాత తెలిసింది, నేను లేచి వచ్చాక ఏం జరిగిందో. చివర రెండు పాటలు పాడారు. మొదటిది గార్సియా పాడిన విషాదం. దాంతో ముగించకుండా ఫిల్ లెష్ ఇంకొకటి ఎత్తుకున్నాడు, 'బాక్స్ ఆఫ్ రెయిన్'. చావుబతుకుల్లో ఉన్న తండ్రి దగ్గర కూర్చుని పాడుకోవడానికని లెష్ కట్టిన బాణీ అది, రాబర్ట్ హంటర్ మాటలు రాశాడు. ఆ బ్యాండు ముప్పై ఏళ్లలో, రెండు వేల మూడు వందల పైచిలుకు కచేరీల్లో, ఆఖరున పాడిన పాట అదే. నేను అప్పుడు రైలు కోసం పరుగెడుతున్నాను.

ఇరవై ఏళ్ల తర్వాత, 2015లో, మిగిలినవాళ్లు అదే సోల్జర్ ఫీల్డులో జూలై 3, 4, 5 తేదీల్లో వీడ్కోలు కచేరీలు పెట్టారు. పాతకాలం పద్ధతిలో తపాలాలో దరఖాస్తు పెట్టుకోవచ్చు, కవరు మీద బొమ్మలు వేసి పంపడం ఆనవాయితీ. మా అమ్మాయి కవరంతా మెలికల ముగ్గు వేసింది. టికెట్టు రాలేదు. మనీ ఆర్డరు తిరిగి వచ్చింది, ముగ్గు మాత్రం వాళ్లే ఉంచుకున్నారు. చివరికి మా విస్కాన్సిన్ వాడే ఎక్కడో రెండు సీట్లు సంపాదించాడు. ఇప్పుడు వాడు పళ్ల డాక్టరు, జుట్టు లేదు.

జూలై 3న డెబ్బై వేలకు పైగా జనం. గార్సియా చోట ఫిష్ బృందంలోని ట్రే అనస్టాసియో. దీపాలు వెలిగాయి, శ్రుతులు చూసుకున్నారు, మొదలుపెట్టారు. మొదటి పాట 'బాక్స్ ఆఫ్ రెయిన్'. ఎక్కడ ఆపారో అక్కడే ఎత్తుకున్నారన్నమాట. డెబ్బై ఐదేళ్ల లెష్ గొంతు అక్కడక్కడా పట్టు తప్పుతోంది. మా వాడు ఏమీ అనలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, చేతి గడియారం వైపు చూపించి, నవ్వాడు.

ఇక మీ సందేహాలకు వస్తాను.

పాటలు నేర్చుకోకండి. ఏం వాయిస్తారో చివరిదాకా ఎవరికీ తెలియదు, నిన్నటి పాట ఇవాళ సాధారణంగా రాదు. పాట ఎక్కడ మారిందో పట్టుకోలేకపోయానని బాధపడ్డారు. పట్టుకోలేకపోతే వాళ్లు బాగా వాయించినట్టు. త్యాగరాజ కీర్తన తెలియనివాళ్లు కూడా కల్పనస్వరాలకు తల ఊపుతారు కదా, అలాగే వినండి. చరణం అయిపోయాక గిటారు కాసేపు తడుముకుంటుంది, తప్పులు కూడా వస్తాయి. అక్కడ ఫోను తీయకండి. వాళ్లు వెతుకుతున్నారు. ఒక్కోసారి దొరకదు కూడా, దొరకని రాత్రులు నేను చూశాను.

రెండో భాగం నడిమిలో తక్కినవాళ్లంతా దిగిపోయి, డప్పులు మాత్రం మిగులుతాయి. మనకు తని ఆవర్తనం మొదలవగానే జనం కాఫీకి లేస్తారు చూడండి, ఇక్కడా అంతే, బాత్‌రూముల ముందు వరసలు కడతారు. మీరు మాత్రం కదలవద్దు. మిక్కీ హార్ట్ 1960లలో తబలా విద్వాంసుడు అల్లారఖా దగ్గర లయ చెప్పించుకున్నవాడు. అల్లారఖా కొడుకు జాకిర్ హుసేన్‌తో కలిసి డిగా రిథమ్ బ్యాండ్ నడిపాడు. వాళ్లిద్దరూ, మన ఘటం విక్కు వినాయక్‌రామ్ గారూ కలిసి చేసిన 'ప్లానెట్ డ్రమ్'కు, ప్రపంచ సంగీతానికి గ్రామీ ఇవ్వడం మొదలుపెట్టిన మొదటి ఏడే ఆ బహుమతి వచ్చింది. అక్కడ ఆయన ముందు ఒక లోహపు దూలం ఉంటుంది, దానికి బారుగా పియానో తీగలు బిగించి ఉంటాయి. పేరు బీమ్. దాన్ని మోగిస్తే చెవికంటే ముందు పక్కటెముకలకు వినిపిస్తుంది. పాతక్యాసెట్టు గారు ఇంట్లో ఎంత మంచి స్పీకర్లు పెట్టుకున్నా అది మాత్రం రాదు, ఆయన నన్ను క్షమించాలి.

ఏడు అక్షరాల పాట ఒకటి ఉంది, 'ఎస్టిమేటెడ్ ప్రాఫెట్'. వాయిస్తే మీ అదృష్టం. కానీ మన ఏడక్షరాల తాళం మిశ్రచాపు విరుపు అందులో వెతకకండి, నడక వేరు.

అబ్బాయిని తీసుకువెళ్లండి. పొగ ఉంటుంది, దాచి చెప్పను. వాడికి బెలూన్ల సంగతి మాత్రం చెప్పి ఉంచండి. బయట వీధిలో ఎవరైనా బెలూను అమ్మితే అందులో ఉన్నది మత్తెక్కించే వాయువు, ముట్టుకోకూడదు. లోపల పసుపుపచ్చ బెలూన్లు కట్టిన బల్ల కనిపిస్తే, అది దానికి పూర్తిగా వ్యతిరేకం. వాళ్లు వార్ఫ్ ర్యాట్స్, తాగుడూ మత్తూ మానేసిన డెడ్‌హెడ్లు. విరామంలో అక్కడ కలుసుకుని ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. ఎవరైనా వెళ్లి వాళ్ల మధ్య నిలబడవచ్చు.

తాళం వేస్తే వింతగా చూస్తారా అని అడిగారు. మెట్ల దగ్గర బొంగరంలా తిరుగుతూ నాలుగు గంటలు గడిపేవాళ్లు ఉంటారు అక్కడ. మీ వేళ్లు ఎవరికి కనిపిస్తాయి తల్లీ!

నేను ఆదివారం, 16న, వస్తున్నాను. వాళ్ల చివరి యాత్రలో చివరి రాత్రి అట. చికాగో నుంచి విమానం.

పాతక్యాసెట్టు
2023 జూన్ 27

బీమ్ విషయంలో ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. మిగతాదాంట్లో కాదు.

తాళంచెవి
2023 జూలై 17

వెళ్లివచ్చాం. నిన్నంతా నిద్రపోయాను, ఇవాళ ఆఫీసుకు సెలవు పెట్టి రాస్తున్నాను.

ముందు ఫోల్డింగ్ కుర్చీ గారికి దండం. రెండు స్వెటర్లు, ఒక శాలువా, అయినా చలే. రైలులోనే కచేరీ మొదలైంది, రెడ్‌వుడ్ సిటీ దాటేసరికి పెట్టెలో మామూలు చొక్కా వేసుకున్నది మా వాడొక్కడే. బయట ఒక వేలు ఎత్తుకుని నడిచేవాళ్లను చూశాం. మా వాడు అది ఏదో సంజ్ఞ అనుకుని తిరిగి వేలు చూపించాడు. పాపం ఆవిడ పరుగెత్తుకుంటూ వచ్చింది, మా దగ్గర అదనపు టికెట్టు ఉందేమోనని. మూడుసార్లు క్షమాపణ చెప్పుకున్నాం.

మా సీట్లు పైఅంతస్తులో. వేదిక అగ్గిపెట్టెంత. పాతక్యాసెట్టు గారు చెప్పింది అక్షరాలా నిజం, తెర మీద కర్ర ముందు, దెబ్బ తర్వాత. మొదటి పాటంతా నాకు కడుపులో తిప్పినట్టయింది. తర్వాత తెర వైపు చూడడం మానేసి నీళ్ల వైపు చూశాను. గోడ అవతల అఖాతంలో చిన్న పడవలు వేసుకుని టికెట్టు లేకుండా వింటున్నవాళ్లున్నారు, వాళ్లు ఊగేది అలలకో పాటకో తెలియలేదు.

పాటల పేర్లు నన్ను అడగకండి. బాబ్ వియర్ తెల్లటి మీసాలతో మా పెదనాన్నలా ఉన్నాడు. ఒక పాట అయితే నిజంగానే విలంబం, రెండు చప్పట్ల మధ్య ఊరికి వెళ్లి రావచ్చు. మొదటి భాగంలో రెండుచోట్ల విసుగుపుట్టిందని ఒప్పుకుంటాను. మా వాడు ఫోను తీశాడు, నేను లాక్కున్నాను, కాసేపటికి నేనే తీసి టైము చూసుకున్నాను.

రెండో భాగంలో డప్పులు మొదలయ్యాయి. బాబాయిగారు చెప్పినట్టే మా వరస వరసంతా లేచి బయటికి నడిచింది. నాన్నగారు తని మొదలవగానే లేచేవాళ్లను చూసి "చారు అన్నంలోనే లేస్తున్నారు, మజ్జిగ ఎవరికి పోయాలి" అనేవారు. ఆ మాట గట్టిగా తెలుగులోనే అనేశాను. వరసలో మిగిలింది నేను, మా వాడు, అటు చివర ఒక ముసలాయన.

బీమ్ ఎప్పుడు మోగిందో చెవికి తెలియలేదు. ప్లాస్టిక్ కుర్చీకి తెలిసింది. నా చేతిలో కాగితం గ్లాసులో మిగిలిన కాఫీ మీద గుండ్రటి గీతలు లేచాయి, ఒకదానిలో ఒకటి, అంచు దాకా. మా వాడు గ్లాసు నా చేతిలోంచి తీసుకుని కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. అంతకుముందు దాకా "ఇంకెంతసేపు" అన్నవాడు, తర్వాత ఆ మాట అనలేదు. అక్కడ తాళం లేదు. నేను వేళ్లు ముడిచి కూర్చున్నాను. ఎంతసేపో చెప్పలేను, నాన్నగారైతే రాసి పెట్టేవారు.

తర్వాత గిటార్లు ఒక్కొక్కటే వచ్చి చేరాయి, లయ కుదురుకుంది, నా చెయ్యి దానంతట అదే తొడ మీద పడింది. చివరి కుర్చీ ముసలాయన జరిగి జరిగి నా పక్కకు వచ్చి, ఆ వేళ్ల లెక్క ఏమిటని అడిగారు. చెప్పాను. ఒక దెబ్బ, మూడు వేళ్లు, తర్వాత దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది. ఆయన రెండుసార్లు తప్పి, మూడోసారి పట్టుకున్నారు. అప్పుడు జేబులోంచి ఒక చిన్న పుస్తకం తీశారు. పెన్సిలుతో పాటల వరస, ఒక పాటలోంచి ఆగకుండా ఇంకో పాటలోకి వెళ్లినచోట బాణం గుర్తు. డప్పుల దగ్గర బాణం వేసి ఆ పక్కన ఏమీ రాయలేదు, ఇంకా ఏం పాటో ఆయనకూ తెలియదట. నాకు నాన్నగారి పుస్తకం వాసన వచ్చింది, అక్కడ వచ్చేది గంజాయి వాసన అయినా.

పన్నెండో పుస్తకం ఒకటి కొన్నాను.

బాబాయిగారూ, మీరు నిన్న వెళ్లారా? ఈసారైనా చివరిదాకా ఉన్నారా?

లేక్‌షోర్ బాబాయి
2023 జూలై 18

ఉన్నానమ్మా. దీపాలన్నీ వేసి, ఊడ్చేవాళ్లు చీపుళ్లు పట్టుకుని వచ్చి, మా పళ్ల డాక్టరును భుజం తట్టి లేపేదాకా ఉన్నాను. రైలు తప్పిపోయింది.